తుంచుకు తినే రొట్టె

'లేడీ' అంటే మనకి తెలిసిన అర్థం దొరసాని. చేతికి మసి అంటనిది, కుర్చీలో కూర్చుని గంట మోగిస్తే టీ కప్పు దానంతటదే నడిచొచ్చే భోగం గలది. కాని ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వి చూస్తే నవ్వొస్తుంది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో అది 'హ్లాఫ్‌డీయె'. 'హ్లాఫ్' అంటే రొట్టె. ఇప్పుడు 'లోఫ్' అంటున్నామే, అదే. తోకకి అర్థం పిండి పిసికే ఆవిడ అని. అంటే దొరసానమ్మగారి అసలు ఉద్యోగం మోచేతుల దాకా పిండి పూసుకుని తొట్టి ముందు నిలబడడం! 'లార్డ్' మాత్రం 'హ్లాఫ్‌వేర్డ్' నుంచి వచ్చాడు, రొట్టెకి కాపలా కాసేవాడని. వాళ్లింట్లో పనిచేసి పొట్టపోసుకునే మనిషి 'హ్లాఫ్‌ఏటా', రొట్టె తినేవాడు. పిసికేది ఒకరు, కాపలా కాసేది ఒకరు, తినేది ఒకరు. మూడు మాటల్లో ఒక సంసారం మొత్తం కనిపిస్తోంది కదూ? పిసికినావిడ తను ఎప్పుడు తినేదో, తినేసరికి ఆ రొట్టె వేడిగా ఉండేదో లేదో మాత్రం ఏ మాటలోనూ లేదు.

ఈ మాటల గొడవ ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మా ఇంట్లో తరచూ చేస్తున్న ఒక రొట్టె మూలంగా. దాన్ని ఇంగ్లీషులో 'పుల్ అపార్ట్ బ్రెడ్' అంటారు. నేను 'తుంచుకు తినే రొట్టె' అని పేరు పెట్టుకున్నాను. మైదాపిండిని ఈస్టు వేసి పొంగించి, నిమ్మకాయంతేసి ఉండలు చేసి, ఒక్కొక్క ఉండనీ వెల్లుల్లి వేసి కరిగించిన వెన్నలో ముంచి, గిన్నెలో ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మధ్యమధ్య చీజ్ చల్లి, ఓవెన్‌లో కాలుస్తారు. పైకి చూస్తే ఒకటే రొట్టె. వేలు పెట్టి లాగితే ఒక్క ఉండ ఊడి చేతిలోకి వస్తుంది, వెనకాల చీజ్ తీగలు సాగుతూ. కత్తి అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు, వడ్డించేవాళ్లు అక్కర్లేదు. పళ్లెం బల్ల మధ్యన పెట్టి చుట్టూ కూర్చోవడమే. వడ్డించేవాళ్లు అక్కర్లేదన్న ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. అక్కణ్ణించి దీని కథ వెతకడం మొదలుపెట్టాను.

మన ఇళ్లల్లో బ్రెడ్డుకి ఉన్న మర్యాద మీకు తెలియంది కాదు. అది జ్వరం వచ్చినవాళ్ల తిండి. డాక్టరుగారు అన్నం మానిపించి బ్రెడ్డూ పాలూ ఇవ్వమంటే, మైనపు కాగితం చుట్టిన బ్రెడ్డు ఇంటికి వచ్చేది. మంచంమీద పడుకున్నవాళ్లు ఒక్కళ్లే, పాలగ్లాసులో ముంచుకుని నీరసంగా తినేవారు. మంచం పక్కన తచ్చాడే పిల్లలకి ఒక ముక్క దక్కితే అదృష్టం. హైదరాబాదులో డబల్ రొట్టీ అనీ, దాంతో చేసిన డబల్ కా మీఠా అనీ వేరే వైభవం ఉండేది గాని, మావైపు ఊళ్లల్లో చాలా ఇళ్లకి బ్రెడ్డు మందుల చీటీ వెంటే వచ్చింది. పాపం, ఒంటరి తిండి. అది పుట్టిన దేశాల్లో మాత్రం అది పదిమంది తిండి. 'కంపానియన్' అన్న మాట విప్పి చూడండి, లాటిన్‌లో 'కలిసి రొట్టె తినేవాడు' అని వస్తుంది. స్నేహానికి వాళ్లు పెట్టుకున్న కొలత అదన్నమాట.

అలాగని మనకి కలిసి తినడం తెలియదనకండి. వేసవి సెలవుల్లో పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పెద్ద బేసిన్లో అన్నం, కొత్తావకాయ, నెయ్యి కలిపి తలా ఒక ముద్ద చేతిలో పెట్టే అమ్మమ్మలు మనకి లేరూ? ఒకటే గిన్నె, ఒకటే చెయ్యి, పదిమంది పిల్లలు. ఏ దేశపు రొట్టె అయినా ఆ ముద్ద ముందు దిగదుడుపే, నన్నడిగితే. కాని అందులోనూ ఒక సంగతి ఉంది. ముద్దలు పెట్టే చెయ్యి ఎప్పుడూ ఆవిడదే. ఆవిడ తినేది బేసిను అడుగున మిగిలింది. మిగలకపోతే, చల్లారిన అన్నం మరో పిడికెడు తెచ్చుకుని ఆ గిన్నెలోనే కలుపుకునేది. పైగా మనకి ఎంగిలి అనే పెద్ద గీత ఒకటి ఉందాయె. ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టకూడదు, తింటున్న చేత్తో వడ్డించకూడదు. అందుచేత వడ్డించే మనిషి తినడానికి లేదు, తినే మనిషి వడ్డించుకోడానికి లేదు. ఆ లెక్కన ఇల్లాలు ఎప్పుడూ ఆఖరి పంక్తే. ఉండలు ఉండలుగా ఊడివచ్చే రొట్టెలో ఈ చిక్కు చాలావరకు తప్పిపోయింది. ఎవరి ఉండ వాళ్లది. మడి కట్టుకున్నవాళ్లు ఇదీ ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఉండల రొట్టెకి పుట్టిల్లు హంగరీ. అక్కడ దీని పేరు 'అరాన్యగలుష్క', అంటే బంగారు ఉండలు. 1880ల నాటికే హంగరీవాళ్ల రాతల్లో దీని ప్రస్తావన కనిపిస్తుంది. అది తీపి వంట. పొంగిన పిండి ఉండల్ని కరిగిన వెన్నలో ముంచి, పంచదారా అక్రోటు పొడీ కలిపి అందులో దొర్లించి, పేర్చి కాలుస్తారు. పైన వెనిల్లా వేసిన చిక్కటి పాల సాసు పోసుకు తింటారు. ముందు ఒక చిక్కటి సూపు, తరవాత ఈ బంగారు ఉండలు, దాంతో ఆ పూట భోజనం అయిపోయినట్టే. వెన్నలో ఎందుకు ముంచుతారంటే, రుచి ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి. పొంగే పిండి ఉండలు రెండు పక్కపక్కన పెడితే పొంగుతూ పొంగుతూ ఒకటైపోతాయి. మధ్యన వెన్న పొర ఉంటే ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, అతుక్కుపోవు. ఉమ్మడి కాపురాలవాళ్లకి ఈ వెన్న కిటుకు తెలిసి ఉంటే ఎన్ని గొడవలు తప్పేవో!

హంగరీ నుంచి వలసవెళ్లిన యూదు కుటుంబాలతో బంగారు ఉండలు అమెరికా చేరాయి. అక్కడ ఈ ఉండల రొట్టెకి 'మంకీ బ్రెడ్' అన్న పేరు స్థిరపడింది. కోతులు ఏరుకు తిన్నట్టు వేళ్లతో పీక్కు తింటారు కనక అని ఒక చమత్కారం. 1972లో బెట్టీ క్రాకర్ పేరుతో వచ్చిన వంటల పుస్తకంలోకి 'హంగరీ కాఫీ కేకు' అన్న పేరుతో ఎక్కింది. (ఈ బెట్టీ క్రాకర్ అనే ఆవిడ అసలు లేనే లేదు. గృహిణులు రాసే ఉత్తరాలకి జవాబులివ్వడానికి ఒక పిండిమిల్లు కంపెనీ 1921లో కల్పించిన పేరు అది. లేని ఆడమనిషి మాట విని ఉన్న ఆడవాళ్లంతా వంటలు చేశారు.) తరవాత 1980లలో అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ రీగన్ క్రిస్మస్ పండుగకి వైట్‌హౌస్‌లో మంకీ బ్రెడ్ పెట్టించడంతో దాని అదృష్టం తిరిగింది. దేశాధ్యక్షుడి ఇంట్లోనే వేళ్లతో పీక్కు తింటే ఇంక ఎవరికి మొహమాటం?

ఇదంతా మామూలు ఇళ్లల్లో సాధ్యపడడానికి వెనకాల ఇంకొకాయన ఉన్నాడు. ఆస్ట్రియా సామ్రాజ్యం నుంచి అమెరికా వచ్చిన చార్లెస్ ఫ్లైష్మన్. 1868లో సిన్సినాటి ఊళ్లో ఈస్టుని అచ్చులుగా నొక్కి అమ్మడం మొదలుపెట్టాడు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో వియన్నా పద్ధతి బేకరీ పెట్టి, జనం చూస్తుండగా రొట్టెలు కాల్చాడు. అంతకు ముందు రొట్టె పొంగడమంటే, మనకి చలికాలంలో ఇడ్లీపిండి పొంగడం లాంటిదే. పొంగితే పొంగినట్టు, లేకపోతే లేదు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం కోసం ఆ కంపెనీ పాడవకుండా నిలవుండే ఎండు ఈస్టు తయారుచేసింది. ఇప్పుడు మనం కొట్లో కొంటున్న గసగసాల్లాంటి ఈస్టు పలుకులు ఆ యుద్ధకాలపు సంతానమే.

రొట్టెని చేత్తో తుంచుకోడం కూడా ఒక గొప్పేనా అంటారేమో. దీనికి సరిగ్గా ఎదురుదారిన నడిచిన రొట్టె కూడా అమెరికాదే. 1928 జూలై 7న మిస్సోరీ రాష్ట్రంలోని చిల్లికోతే అనే చిన్న ఊళ్లో, ఆటో రోవెడర్ అనే ఆయన కనిపెట్టిన యంత్రంతో కోసిన బ్రెడ్డు మొదటిసారి అమ్మకానికొచ్చింది. అన్ని ముక్కలూ ఒకటే మందం, ఒకటే కొలత. ఎవరి రెండు ముక్కలు వాళ్లు తీసుకుని, ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. యుద్ధం మధ్యలో, 1943 జనవరి 18న, పొదుపు పేరు చెప్పి ప్రభుత్వం ముక్కలు కోసిన బ్రెడ్డుని నిషేధించింది. వెంటనే ఒక గృహిణి న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాసింది. పొద్దున్నే హడావిడిలో మొగుడికీ పిల్లలకీ టోస్టులకీ, మధ్యాహ్నం డబ్బాలకీ తను చేత్తో ఎన్ని ముక్కలు కొయ్యాలో ఒక్కొక్కటే లెక్క చెప్పింది, ఆఖర్న తన టోస్టుతో సహా. ఆ ఆఖర్నే అన్నది చూశారా? ఏ దేశమైతేనేం. మార్చి 8న నిషేధం ఎత్తేశారు. యంత్రం ఆవిడకి చేసిన ఉపకారాన్ని నేను తక్కువ చెయ్యను. కాని కోసిన బ్రెడ్డు ఆవిడ పని తగ్గించిందే గాని, ఆవిణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు.

ఇక వెల్లుల్లి. హంగరీ తీపి ఉండలదొక దారి, వెల్లుల్లి రాసిన రొట్టెది ఇంకో దారి. ఇది ఇటలీ నుంచి వచ్చింది. అక్కడ టస్కనీ రైతులు గానుగ నుంచి కొత్తగా దిగిన ఆలివ్ నూనె రుచి చూడ్డానికి, కాల్చిన రొట్టెముక్క మీద పచ్చి వెల్లుల్లి రెబ్బ రుద్ది, దానిమీద నూనె ధారగా పోసుకుని తినేవారు. 1880 నుంచి 1920 లోపల నలభై లక్షలమందికి పైగా ఇటాలియన్లు అమెరికా వెళ్లారు, చాలామంది దక్షిణాది పేదలు. అమెరికాలో ఆలివ్ నూనె ప్రియం, వెన్న చవక. నూనె స్థానంలో వెన్న వచ్చింది. మనకి హోటళ్లలో తెలిసిన గార్లిక్ బ్రెడ్ అలా తయారైంది.

కాని ఆ వాసన వాళ్లని ఎంత కాల్చుకుతిందో! వెల్లుల్లి తినేవాళ్లు అన్నది ఇటాలియన్లకి పెట్టిన తిట్టు. ట్రాముల్లో వాళ్ల పక్కన కూర్చోడానికి ముక్కు మూసుకునే జనం. 1939లో లైఫ్ పత్రిక, జో డిమాజియో అనే గొప్ప బేస్‌బాల్ ఆటగాణ్ణి గురించి వ్యాసం వేసింది. సిసిలీ నుంచి వచ్చిన జాలరి కొడుకు అతను. అతన్ని పొగడాలని ఆ పత్రిక ఏం రాసిందో తెలుసా? అతని దగ్గర వెల్లుల్లి కంపు రాదట, తలకి ఆలివ్ నూనె కాక నీళ్లు రాసి దువ్వుకుంటాడట. అదీ కితాబు! ఎదిగొచ్చిన కొడుకు మంచివాడనడానికి వాళ్లమ్మ వంటింటి వాసన అతని ఒంటిమీద లేదని చెప్పవలసి వచ్చింది. ఆ తల్లి ఆ పత్రిక ఎవరి చేతనైనా చదివించుకుని ఉంటే ఏమనుకునేదో. సరిగ్గా నలభై ఏళ్లకి, 1979లో, కాలిఫోర్నియాలోని గిల్రాయ్ ఊళ్లో వెల్లుల్లికి ఏకంగా పండుగ మొదలుపెట్టారు. జనం డబ్బులిచ్చి మరీ ఆ వాసన పీల్చడానికి వెళ్లారు.

మనం నవ్వడానికి లేదు. వెల్లుల్లి పేరు చెప్పి మనుషుల్ని విడివిడి పంక్తుల్లో కూర్చోబెట్టిన అనుభవం మనకే ఎక్కువ. మనుస్మృతి ద్విజులకి దాన్ని నిషేధించింది. అయిదో శతాబ్దం మొదట్లో మన దేశం వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్, మధ్యదేశంలో ఉల్లీ వెల్లుల్లీ చండాలురు తప్ప ఎవరూ తినరని రాసుకున్నాడు. ఈ విషయంలో నాకు భలే నచ్చిన పుస్తకం ఒకటుంది. 1890లో బోవర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మధ్య ఆసియాలోని కూచా దగ్గర, భూర్జపత్రాల మీద రాసిన సంస్కృత గ్రంథం ఒకటి కొన్నాడు. గుప్తుల కాలపు లిపి. ఇప్పుడు అది ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. దాని మొదటి భాగం మొదలవడమే వెల్లుల్లి మహిమతో. అమృతం తాగిన రాక్షసుడి కంఠం విష్ణువు ఖండిస్తే, నేలరాలిన రక్తపు చుక్కల్లోంచి వెల్లుల్లి పుట్టిందట. శరీరంలోంచి పుట్టింది కనక బ్రాహ్మణులు తినరాదు. మరి వాళ్లకి రోగాలు వస్తేనో? దానికీ దారి చెప్పారు. ఆవుని మూడు రాత్రులు గడ్డి దాదాపు లేకుండా ఉంచి, తరవాత గడ్డిలో వెల్లుల్లి కాడలు కలిపి మేపాలి. ఆ ఆవు పాలు, పెరుగు, నెయ్యి, మజ్జిగ తీసుకుంటే మందుకి మందు, ఆచారానికి ఆచారం! ఇంకో చిత్రం, ఆ పొత్తంలోనే రెండో భాగం పేరు 'నావనీతకం'. నవనీతమంటే వెన్న. వెల్లుల్లీ వెన్నా ఒక్క కట్టలో చేరి పదిహేను వందల ఏళ్లయిందన్నమాట.

ఆవుకి దొరికిన ఆ వెసులుబాటు ఆడవాళ్లకి దొరకలేదు. మా అమ్మమ్మ చిన్నతనంలోనే భర్త పోయినావిడ. ఆవిడకి ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, రాత్రిపూట అన్నం లేదు. వేడి చేసే పదార్థాలు ఒంటికి కోరికలు పుట్టిస్తాయని ఆ నియమం పెట్టిన మహానుభావుల ఊహ. మా ఇంట్లో మామూలు రోజుల్లో వెల్లుల్లి వంటింటి గడప దాటేది కాదు. పురుడొచ్చినప్పుడు మాత్రం రెబ్బలు రెబ్బలుగా దిగేది. బాలింతకి పాలు పడాలి, వాతం చెయ్యకూడదు. మా పిన్ని పురిటికి వచ్చినప్పుడు నేను చూశాను. పెరట్లో వేరే పొయ్యి మీద, అమ్మమ్మే కూర్చుని వెల్లుల్లి నేతిలో ఎర్రగా వేయించేది, కారం దంపేది. నాలిక్కి తగలనివ్వకుండా, వాసన పట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పేది. ఎప్పుడూ తప్పు పోలేదు. ఆ రుచి ఎలా ఉంటుందో ఆవిడకి తెలియకుండానే ఆవిడ చేతి వెల్లుల్లి తిని ముగ్గురు కూతుళ్లు ఏడు పురుళ్లు తేరుకున్నారు.

కొరియావాళ్ల పురాణం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఒక ఎలుగుబంటీ ఒక పులీ మనుషులం కావాలని దేవుణ్ణి వేడుకున్నాయట. ఆయన ఇరవై వెల్లుల్లి రెబ్బలూ కాస్త మాచిపత్రి లాంటి ఆకూ ఇచ్చి, ఎండ మొహం చూడకుండా నూరు రోజులు గుహలో ఉండమన్నాడు. పులి మధ్యలోనే పారిపోయింది. ఓర్చుకున్న ఎలుగుబంటి స్త్రీ అయింది, వాళ్ల తొలి రాజుకి తల్లి అయింది. వెల్లుల్లి తిని ఆడది అయిన కథ వాళ్లది. భర్త పోతే వెల్లుల్లి మానిపించిన కథ మనది.

చీజ్ సంగతికొస్తే, ఈ రొట్టెకి కావలసింది మోజరెల్లా. ఇటలీలో నేపుల్స్ చుట్టుపక్కల దాని స్వస్థలం. అసలు సిసలుది గేదెపాలతో చేస్తారు, మన గేదెల జాతే. వేడినీళ్లలో సాగదీసిన పాలముద్దని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని తుంచుతారు. 'మొజ్జారె' అంటే తుంచడం. ఆ పనే దాని పేరైంది. 1570లో పోపుగారి వంటవాడు బార్తొలొమెయో స్కాప్పి అచ్చువేసిన పుస్తకంలోనే ఈ పేరుంది. ఎలా సాగుతుందంటారా? పాలలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తుని కాల్షియం గట్టిగా కట్టి ఉంచుతుంది. పులుపు పెరిగేకొద్దీ ఆ కాల్షియం కొంత వదులుతుంది. అప్పుడు వేడి తగిలితే కేసిన్ పోగులు ఒకదానిమీద ఒకటి జారుతూ దారంలా సాగుతాయి. చల్లారితే మళ్లీ బిగుసుకుంటాయి. శాకాహారులకి ఒక్క మాట. పాలు విరగడానికి పాతకాలంలో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడేవారు. సూక్ష్మజీవుల నుంచి తీసే రెన్నెట్ ఇప్పుడు మామూలే. దూడ ప్రమేయం లేకుండా అదే ఎంజైముని తయారుచేసే పద్ధతికి అమెరికాలో 1990లో అనుమతి వచ్చింది. మీరు డబ్బామీద ఆకుపచ్చ చుక్క చూసుకుని కొనుక్కుంటే చాలు.

చేసే పద్ధతి కష్టమేం కాదు. మూడు కప్పుల మైదాలో ఒక చెంచా ఉప్పు కలుపుకోండి. కప్పు గోరువెచ్చని పాలలో రెండు చెంచాల పంచదార, ఏడు గ్రాముల ఎండు ఈస్టు వేసి పది నిమిషాలు వదిలేస్తే పైన నురుగు తేలుతుంది. తేలకపోతే ఆ ఈస్టు చచ్చిపోయిందని, మైదా పాడుచేసుకోకండి. రెండు చెంచాల వెన్న కూడా వేసి పది నిమిషాలపాటు బాగా పిసకాలి. చెవితమ్మె అంత మెత్తగా రావాలి. గట్టిగా ఉంటే ఇంకాస్త పాలు చిలకరించండి. తడిబట్ట కప్పి పెడితే మన వాతావరణానికి గంటలోపే రెట్టింపవుతుంది. ఈలోపల పది వెల్లుల్లి రెబ్బలు దంచి పక్కన పెట్టండి. దంచినప్పుడే రెబ్బలో విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ అనే ఘాటు పుడుతుంది. 1944లో అమెరికా శాస్త్రజ్ఞులు దాన్ని విడదీసి చూపించారు. ఉడికిన వెల్లుల్లి ఎందుకు తియ్యగా ఉంటుందో, దంచిన పచ్చిది ఎందుకు మండుతుందో దీంతో తెలుస్తుంది. దంచిన రెబ్బల్ని వంద గ్రాముల వెన్నలో సన్నసెగ మీద, రంగు మారకుండా ఒక్క నిమిషం వెచ్చచేసి, కొత్తిమీర తరుగు కలపండి. ఉండలు చేసి, వెన్నలో ముంచి, చీజ్ చల్లుతూ రెండు వరసలు పేర్చి, మరో అరగంట పొంగనివ్వండి. నూట ఎనభై డిగ్రీల ఓవెన్‌లో పాతిక నుంచి ముప్పై నిమిషాలు. వెల్లుల్లి వెన్న కొంచెం దాచుకుని, కాలి బయటికొచ్చాక పైన రాయండి. ముందే పైపైన రాస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది.

అసలు కిటుకు ఆ తరవాత ఉంది. చీజ్ తీగ సాగేది పది నిమిషాలే. పదిహేనో నిమిషానికి అది రబ్బరు. అంచేత చేసిన మనిషి తరవాత తింటానంటే కుదరదు. మొదటిసారి చేసినప్పుడు మా పిల్లలూ, మావారూ, వాళ్ల స్నేహితులూ బల్ల చుట్టూ చేరిపోయారు. మా అత్తగారు అలవాటుగా వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. డెబ్బై దాటిన మనిషి. "మీరంతా కానివ్వండమ్మా, నేను తరవాత తింటాను" అన్నారు. "తరవాత అనేది దీనికి లేదత్తయ్యా, గట్టిపడిపోతుంది" అన్నాను. ఆవిడ నావంక చూశారు, రొట్టెవంక చూశారు. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు, పిల్లల మధ్యన. ఒక ఉండ లాగితే తీగ ఆవిడ మోచేతిదాకా సాగింది. మనవడు అది వేలికి చుట్టి తెంపాడు. నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "ఉప్పు ఒక్క రవ్వ తక్కువైందే" అన్నారు. అయింది, నిజమే. ఇప్పుడు చెంచాకి కాస్త ఎక్కువే వేస్తున్నాను, మీరూ వేసుకోండి.

ఉప్మా అయితే మూతపెట్టి ఉంచవచ్చు, పులిహోర అయితే రేపటికి బాగుంటుంది. ఈ రొట్టె మాత్రం ఎవరికోసమూ ఆగదు. ఒకవేళ ఏ నాలుగు ఉండలో మిగిలితే, మర్నాడు పొద్దున్న పెనంమీద నీళ్లు చిలకరించి, మూతపెట్టి, సన్నసెగన రెండు నిమిషాలు వెచ్చచెయ్యండి. చీజ్ మళ్లీ అంతగా సాగదు గాని, మెత్తబడుతుంది. కాఫీతో నాకు బాగానే ఉంటుంది. వెల్లుల్లికీ కాఫీకీ జోడీ కుదరదని మావారి వాదన. ఆయన వాటా కూడా నాకే మిగులుతుంది కనక నేను వాదించడం మానేశాను.